ఆదివారం సాధన గారికి ఒక ఫ్లూట్ మాస్టారి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆదివారం మూడు గంటల సాధన గారికి,

విశాఖపట్నం నుంచి ఒక ఫ్లూట్ మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ ఉక్కపోత తప్ప అంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. వారానికి ఆరు రోజులు విశ్రాంతి తీసుకునేవాళ్ళకి అనారోగ్యం ఎందుకొస్తుంది?

నా దగ్గర ఫీజు కట్టి నేర్చుకునేవాళ్ళకి నేనే గురువునని అనుకునేవాణ్ణి. కాదు, అసలు గురువు మీరు. "రోజూ 20 నిమిషాలు చాలమ్మా" అంటాను నేను. "ఆదివారం అంతా కలిపి కూర్చుంటాలెండి సార్" అంటారు వాళ్ళు. 20ని 7తో హెచ్చవేస్తే 140. మీరిచ్చేది 180. వీధికో ఇంజనీరున్న ఊళ్ళో ఈ లెక్క ముందు నేనేం నిలబడతాను?

మీ వైభవం ఎంవీపీ కాలనీలో ఓ ఇంట్లో కళ్ళారా చూశాను. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఇల్లు. పండక్కి కొత్త అల్లుడు దిగినంత హడావిడి. ఏసీ వేశారు, తలుపులు మూశారు, వాళ్ళమ్మగారు పప్పు రుబ్బుతున్న మిక్సీ ఆపేశారు. ఫోన్లో తంబూరా మొదలైంది. ఏసీ గదిలో చల్లబడ్డ వెదురు మొదట శ్రుతికి కాస్త కిందే పలుకుతుంది, ఊపిరి తగిలి వేడెక్కేకొద్దీ పైకొస్తుంది. అందుకే ముందు కాసేపు ఒక్క షడ్జం, అంటే 'స', పట్టుకుని దీర్ఘంగా ఊదమంటాం. మీ సన్నిధిలో అంత ఓపిక ఎవరికి? మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలా, ఆ తొలి పాఠాలా? ఛ, అవి చిన్నపిల్లలకి. నేరుగా హంసధ్వని రాగంలో కీర్తన.

పల్లవి బాగానే సాగింది. దాని తర్వాతొచ్చే అనుపల్లవిలో నిషాదం ('ని') మీంచి పై షడ్జానికి ఎక్కేచోట వేలు తడబడింది. వెంటనే మళ్ళీ పల్లవి మొదటికి. మళ్ళీ అదే చోట తడబాటు. మళ్ళీ మొదటికి. ఆ తడబాటుని సాయంత్రమంతా ఎంత నిష్ఠగా సాధన చేసిందంటే, ఇప్పుడది కీర్తనలో భాగమైపోయింది. క్లాసులో నేను ఆ చోట ఆగకుండా వాయిస్తే, "సార్, ఇక్కడ ఏదో మిస్సయింది" అంటోంది.

ఆ నాలుగు స్వరాలే విడిగా తీసుకుని, ఒకటో కాలంలో, కాలితో తాళం వేసుకుంటూ, తప్పు రానంత నెమ్మదిగా వాయించుకుంటే రోజుకి పది నిమిషాల పని. వచ్చింది మళ్ళీ మళ్ళీ వాయించుకోవడం కచేరీ. రానిదాన్ని పట్టుకుని కూర్చోవడం సాధన. మీరు వచ్చినప్పుడల్లా మా వీధిలో కచేరీలే.

ఇంకో సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అరగంట దాటితే పెదవి అలిసిపోతుంది. బిగువు సడలి, నాదం పోయి, ఉత్త గాలి మిగులుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా గట్టిగా ఊదుతారు. గట్టిగా ఊదితే స్వరం పైస్థాయికి ఎగిరిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ఆ కళ్ళు తిరగడాన్ని మీ భక్తులు తాదాత్మ్యం అనుకుంటున్నారు. నేను మంచినీళ్ళ గ్లాసుతో పరిగెత్తాల్సి వస్తోంది.

మీ మాట వినని మొండిఘటం నా దగ్గర ఒక్కరే ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆయన వీక్లీ ఆఫ్ ఏ వారం ఏ రోజు పడుతుందో ఆయనకే తెలీదు కాబట్టి మీతో పరిచయం కుదరలేదు పాపం. డ్యూటీకి బయల్దేరే ముందు గాజువాకలో వాళ్ళ డాబా మీద కాసేపు ఊదుకుంటారు. ఈ వారం ఏ ముక్క బాగుచెయ్యాలో చీటీ మీద రాసి ఫ్లూట్ సంచిలో పెట్టుకుంటారు. మే నెలలో గడ్డం మీద చెమట పట్టి వెదురు జారిపోతుంటే తుండుగుడ్డతో తుడుచుకుని మళ్ళీ పెడతారు. మిగతావాళ్ళ తర్వాత చేరిన మనిషి, మంద్రస్థాయి పంచమం, అంటే కింది స్థాయి 'ప', ముందుగా ఆయనకే పలికింది. దాదాపు రంధ్రాలన్నీ మూసి, ఎక్కడా గాలి కారకుండా, మెత్తగా ఊదితేగానీ పలకని స్వరం అది. నాకు కాస్త అసూయ కూడా కలిగింది, దాచడమెందుకు?

హిందుస్తానీ వేణు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా గారి కథ మీకు తెలిసే ఉంటుంది. అప్పటికే సినిమా రికార్డింగుల్లో పేరున్న మనిషి. సుర్‌బహార్ విద్వాంసురాలు అన్నపూర్ణాదేవి గారి దగ్గర శిష్యరికానికి చేరి, కుడివైపు పట్టే వేణువుని ఎడమవైపుకి మార్చి, అ ఆల నుంచి మొదలుపెట్టారు. మిమ్మల్ని సంప్రదించినట్టు ఎక్కడా కనబడదు. మన సింహాచలంలో అప్పన్నని మేలుకొలిపే సన్నాయివాళ్ళూ అంతే. సోమవారమని మేలుకొలుపు మానేసి, ఆదివారం ఏడూ కలిపి ఒకేసారి వాయించరు. సంగీతంలో మీ పలుకుబడి ఎక్కడిదో నాకింకా అంతుపట్టలేదు.

మీతో గొడవెందుకని నేనే ఒక ఎత్తు వేశాను. సోమవారం క్లాసుని గురువారానికి మార్చేశాను. ఆదివారం వాయించింది గురువారానికి ఆవిరైపోతుంది, చచ్చినట్టు మధ్యలో తియ్యక తప్పదు కదా అని నా ఆశ. మొదటి వారమే ఆ అమ్మాయి వాళ్ళ పక్కింటివాళ్ళు అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫిర్యాదు చేశారు. బుధవారం రాత్రి పదకొండింటికి హంసధ్వని, ఏకధాటిగా, అదే తడబాటుతో.

ఈ బుధవారం రాత్రి గారు మీకేమవుతారు? తమ్ముడేనా? ఆయన చిరునామా పంపించండి, ఆయనకీ ఒకటి రాయాలి.

ఇట్లు,
మీ ఫలితాలు వారం వారం వింటున్న మాస్టారు