ఆ పిల్లకు బీరువా తాళం ఇవ్వండి

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలా జరుగుతాయో మనందరికీ తెలుసు. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, క్విజ్, చివరి రోజు వేదిక, శాలువాలు. ఒడిశాలోని బరంపురంలో తెలుగువారు చందాలతో నడుపుకుంటున్న ఒక చిన్న గ్రంథాలయంలో ఆ మధ్య నేనూ ఆ వేదిక మీద కూర్చున్నాను. ఎదురుగా జంపఖానా మీద నలభై మంది తొమ్మిది, పది తరగతుల పిల్లలు. పుస్తకం గొప్పతనం గురించి పెద్దలం రెండు గంటలు మాట్లాడాం. ఆ రెండు గంటల్లో ఎవరి చేతిలోనూ ఒక్క పుస్తకం తెరుచుకోలేదు. గోడ వెంట ఉన్న ఇనుప బీరువాలకు తాళాలు అలాగే వేలాడుతున్నాయి. ఆ సాయంత్రం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు ఆ బీరువాల్లో వాళ్ళ కోసం ఏముంది? తెలుగులో పిల్లల కథలకు కరువు లేదు. 1947లో మొదలైన చందమామ మన ఇళ్ళలో ఎన్ని తరాలను పెంచిందో, జహ్నమాము పేరుతో పక్కింటి ఒడియా పిల్లలనూ అలాగే పెంచింది. అది దాటగానే పెద్దల నవలలు. ఈ రెంటికీ నడుమ ఉన్న పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకు మన భాషలో ఒక పుస్తకాల అర వెతికినా దొరకదు. మొదటిసారి అబద్ధమాడి దొరికిపోవడం, స్నేహితురాలు మాట్లాడటం మానేయడం, అద్దంలో తనను తాను చూసుకుని అసహ్యించుకోవడం, తండ్రి అప్పు గురించి చాటుగా వినడం... ఇవన్నీ ఆ వయసులోనే జరుగుతాయి. అప్పుడు ఆ పిల్లకు తోడుగా కూర్చునే తెలుగు పుస్తకం ఏది?

అమెరికాలో ఈ వయసువారి కోసం గ్రంథాలయ సంఘంలో ఒక ప్రత్యేక విభాగమే 1957 నుంచి పనిచేస్తోంది. టీనేజర్ల పఠన వారాన్ని అది 1998లో మొదలుపెట్టింది. 2019 నుంచి అక్టోబరు నెలంతా వాళ్ళదే. వారాలూ నెలలూ మనకూ ఉన్నాయి, అందులో కొత్తేమీ లేదు. నన్ను కదిలించింది వాళ్ళ 'టీన్స్ టాప్ టెన్' పద్ధతి. ఏటా పది మంచి పుస్తకాల జాబితా వస్తుంది. పేర్లు సూచించేది గ్రంథాలయాల్లోని టీనేజర్ల పఠన బృందాలు, ఓటు వేసేది టీనేజర్లు. మన గ్రంథాలయాల్లో ఏ పుస్తకం కొనాలో పదిహేనేళ్ళ పిల్లను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

పెద్దల అభ్యంతరం నాకు తెలుసు. టీనేజ్ నవలలన్నీ ప్రేమలూ అలకలూ అని, పదో తరగతిలో వీటికి సమయమెక్కడిదని, చదివితే మన ప్రబంధాలూ శతకాలూ చదవాలని అంటారు. శతకాలు నాకూ ప్రాణమే. కానీ ఇంట్లో ఎవరూ కథ చెప్పని పిల్లవాడు ప్రబంధం దగ్గరికి ఏ దారిన వస్తాడు? పిల్లలు చదవడం మానేశారన్న మాట కూడా నిజం కాదు. ప్రతిలిపి యాప్‌లో అర్ధరాత్రి దాకా సీరియళ్ళు చదువుతున్నారు, జపాన్ బొమ్మల కథలు వరుస తప్పకుండా చదువుతున్నారు. మానేసింది మన బీరువాల దగ్గరికి రావడం.

ఆ వారోత్సవాల తర్వాత కొన్ని ఆదివారాలు అదే గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదివి వినిపించాను. వినిపించడం ఎందుకంటే, ఇళ్ళలో తెలుగు మాట్లాడే ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. ఒక వారం నేను రాసుకున్న కథే చదివాను. నేత పని గిట్టుబాటు కాని ఇంట్లోంచి పదిహేడేళ్ళ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా సూరత్ రైలు ఎక్కే కథ. మా గంజాం జిల్లాలో, పనికోసం వలస వెళ్ళే సూరత్ మిల్లుల సంగతి తెలియని ఇల్లు ఉండదు. చదవడం అయ్యాక పదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది: "మాస్టారూ, వాడు వెళ్ళిపోయాక వాడి చెల్లెలు ఏమయింది?"

చెల్లెలి గురించి నేను ఒక్క వాక్యమూ రాయలేదు. మరుసటి ఆదివారం ఆ పిల్లే రాసుకొచ్చింది. నోటు పుస్తకంలో నాలుగు పేజీలు, అక్షరాలన్నీ ఒడియా, మాటలన్నీ తెలుగు. మొదటి వాక్యాలు ఇవి: "అన్న బండెక్కేశాడు. అమ్మ ఆ రాత్రి కూడా వాడి పళ్ళెం కడిగి బోర్లించింది."

దీనికి వారోత్సవాల్లో బహుమతి ఇద్దామన్నాను. కమిటీ పెద్దలు ఒప్పుకోలేదు. తెలుగు లిపిలో లేనిదాన్ని తెలుగు రచన అని ఎలా అంటామన్నారు.

ఈ మాట అన్నది ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేసే మనమే. ఇక్కడికి దగ్గరలోని పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన ఏం చేశారు? కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషను తెలుగు అక్షరాల్లో పెట్టి సవర పిల్లలకు వాచకాలు రాశారు. సవర మాట తెలుగు అక్షరంలో సవరగానే నిలిచినప్పుడు, మన పిల్ల తెలుగు మాట ఒడియా అక్షరంలో తెలుగు కాకుండా పోతుందా? నోటితో మాట్లాడే భాషకే రాతలో చోటివ్వాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. బరంపురం తెలుగులో ఒడియా కలుస్తుంది. ఇక్కడి టీనేజ్ కథ ఆ తెలుగులోనే రావాలి, ఆ కలయికతోనే రావాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన నాటి నుంచి సరిహద్దు తెలుగువారం అర్జీలు పెడుతూనే ఉన్నాం. తెలుగు బడులు, తెలుగు పంతుళ్ళు, పాఠ్యపుస్తకాలు కావాలంటూ పెట్టిన ఆ అర్జీలన్నీ న్యాయమైనవే, నేనూ సంతకాలు చేశాను. ఆంధ్ర సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం వరకు 1960 నాటి చట్టం కింద గ్రంథాలయ పన్నుతో తెలుగు పుస్తకం కొంటారు, ఆ గీత దాటగానే మన జేబులు తడుముకోవాలి. అయినా ఒక సంగతిని మనం దాటవేస్తున్నాం. మనిషి తన రహస్యాలు ఏ భాషలో చెప్పుకోవాలో తేలేది పదమూడు, పద్దెనిమిది ఏళ్ళ నడుమే. ఆ అయిదేళ్ళలో ఏడుపుకూ కోపానికీ ప్రేమకూ తెలుగు మాట దొరకని పిల్లకు, రేపు తెలుగంటే అమ్మ అన్నానికి పిలిచే పిలుపు ఒక్కటే మిగులుతుంది. ఆమె పిల్లలకు అదీ మిగలదు. గుణుపురంలోనూ రాయగడలోనూ జయపురంలోనూ ఈ తరం ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. ప్రభుత్వం కరుణించేదాకా ఆగడానికి వాళ్ళ వయసు ఆగదు.

అందుకే ఈసారి నవంబరులో కమిటీ వారిని నేను కోరేది ఇంతే. ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం వేదిక వద్దు, వక్తలు వద్దు. పిల్లలే కథలు ఎంచుకుని చదువుతారు, ఏ లిపిలో రాసుకున్నా సరే. వచ్చే ఏడాది కొనవలసిన పది పుస్తకాలకు వాళ్ళే ఓటు వేస్తారు. ఆ నాలుగు పేజీలను నేను తెలుగు లిపిలోకి ఎత్తి రాశాను, ఒక్క మాట మార్చలేదు. ఆ పిల్ల ఒప్పుకుంటే ముందుగా చదివేది అదే. బీరువా తాళాలు ఆ సాయంత్రం ఆమె దగ్గర ఉండనివ్వండి.