ఈ నోటు యాడ పెట్టేదబ్బా?

అలిపిరి దారిలో 3550 మెట్లు. శ్రీవారి మెట్టులో 2388. అమ్మ మోకాళ్లకు ఏ దారి నయమో డాక్టరు చెప్తే, ఫోన్లో నోట్స్ యాప్‌లో రాసి పెట్టుకుందామంటే ఏ ఫోల్డరు? ప్రయాణాలా? ఆరోగ్యమా? భక్తా? ఇంటి విషయాలా? నాలుగింటికీ చెందిన నోటును ఒక్కదాంట్లోనే ఎందుకు తొయ్యాల?

ఇంకో యాప్‌కి పోతే ఫోల్డర్లే లేవు, లేబుళ్లంట! మరోదాంట్లో ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో ఇంకోటి. వారం తర్వాత యాడని వెతికేది? యూట్యూబ్ నిండా నోట్లు సర్దే పద్ధతులు నేర్పేవాళ్లే: ప్రాజెక్టులు (ఒకనాటికి ముగిసే పనులు), ఏరియాలు (ఎప్పుడూ చూసుకోవాల్సినవి), రిసోర్సులు, ఆర్కైవులు అని నాలుగు అరలంట. మా అమ్మ మోకాలు ప్రాజెక్టా, ఏరియానా? చెప్పండి సామీ!

జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లస్ లూమన్ దాదాపు 90,000 చీటీలు రాసుకున్నాడు. సబ్జెక్టుల వారీగా అరలు కట్టుకోలేదు. చీటీకో నంబరు, ఒకదాంట్లో ఇంకోదాని నంబరు, అంతే. మన అన్నమయ్య రాగిరేకుల్లో వేల కీర్తనలుంటే ఆధ్యాత్మం, శృంగారం అని రెండే విభాగాలు. మనకేమో పాల లెక్కకు కూడా మూడంతస్తుల ఫోల్డరా? పెట్టే చోటు తేలేలోపల రాయాలనుకున్న మాటే మర్చిపోతా ఉండాము!

వెతికే పెట్టె ఒకటి సరిగ్గా చేసివ్వండయ్యా. తెలుగులో కొడితే తెలుగు నోటు దొరకాల.