కొలత గీసేదొకరు, అరుగుదల మోసేదొకరు

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కల నలభై ఏళ్ల నాటిది. అప్పట్లో ఆ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. చాలా ఏళ్ల తర్వాత మనకు పీఓహెచ్ వర్క్‌షాపు ఇస్తామన్నారు. అంటే నిర్ణీత గడువుకోసారి వ్యాగన్లను విప్పి బాగుచేసే చోటు. ‘ఫ్యాక్టరీ అడిగితే రిపేరు షెడ్డా?’ అని ఇక్కడివాళ్లు గునిశారు. చివరికి 2023 జులై 8న ప్రధాని వచ్చి, 500 కోట్లకు పైబడిన తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు.

తయారీ అంటే గొప్ప, రిపేరు అంటే చిన్నచూపు. ఫ్యాక్టరీల లోపల కూడా ఇదే తీరు. డ్రాయింగ్ గీసేవాళ్లది ఏసీ గది, గ్రీజు చేతులవాళ్లది వెనుక షెడ్డు. టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడాను ఒప్పుకోవాలన్నది, మొదటి గదిలో ఖరారవుతుంది, మెయింటెనెన్స్ గడువు రెండో చోట. నిజానికి అవి రెండూ ఒకే నిర్ణయం.

గూడ్స్ వ్యాగన్ చక్రాన్నే చూడండి. కొత్తదాని వ్యాసం 1000 మిల్లీమీటర్లు. 906కు దిగితే పక్కన పెట్టేయాలి. మధ్యలోని 94 మిల్లీమీటర్లు పట్టాల మీద అరగడానికీ, లేత్ మీద తిప్పుతూ మళ్లీ గుండ్రంగా కోయడానికీ (టర్నింగ్) మొదటి రోజే రాసిపెట్టిన ఉక్కు. అదే చక్రాల జతను టర్నింగ్ చేసి పంపేటప్పుడు, ఒకే యాక్సిల్ మీది రెండింటికీ తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. ఎక్కడ చేయి వదలాలో, ఎక్కడ బిగబట్టాలో తెలిసినవాళ్లు రాసిన లెక్క ఇది. డ్రాయింగ్‌లన్నీ ఇంత ఆలోచించి గీసినవైతే ఈ వ్యాసం అక్కర్లేదు.

చిన్న లెక్క వేద్దాం. టాలరెన్స్‌ను డ్రాయింగ్‌లో హెచ్7, హెచ్8 లాంటి గ్రేడ్లతో రాస్తారు. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు హెచ్7 అంటే 21 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జాగా. లేత్ ఎంత మంచిదైనా ముక్కకూ ముక్కకూ కొంత తేడా వస్తుంది. అది 10 మైక్రాన్లు అనుకుందాం. కోసే టూల్ అరిగేకొద్దీ షాఫ్టు గంటకో మైక్రాన్ చొప్పున లావెక్కుతుంది అనుకుందాం. ఆపరేటర్ కింది హద్దు దగ్గర సెట్ చేసి మొదలుపెడితే మిగిలిన 11 మైక్రాన్లు 11 గంటల్లో అయిపోతాయి. అప్పుడు టూల్ మార్చాలి. అదే హెచ్8 ఇస్తే జాగా 33 మైక్రాన్లు, గడువు 23 గంటలు. టాలరెన్స్ ఒకటిన్నర రెట్లు పెరిగితే గడువు రెట్టింపు దాటింది.

ఇప్పుడు అదే మెషీన్‌లో స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) బేరింగ్ వదులై ముక్కల మధ్య తేడా 16 మైక్రాన్లకు పెరిగిందనుకోండి. హెచ్7లో మిగిలేది 5. పదకొండు గంటల గడువు ఐదుకు పడిపోతుంది. బేరింగ్ మార్చాల్సిన ఖర్చు వాయిదా వేసి మిగిల్చామనుకుంటాం గానీ అది టూళ్ల బిల్లులోనో, వాపసొచ్చిన ముక్కల్లోనో తేలుతుంది. ఆ బిల్లు మెయింటెనెన్స్ పద్దులో ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు.

హద్దు లోపలున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని జపాన్ ఇంజినీరు గెనిచి తగుచి చెప్పారు. గురిపెట్టిన కొలత నుంచి జరిగిన దూరపు వర్గం (స్క్వేర్) చొప్పున, అంటే దూరం రెట్టింపైతే నాలుగింతలుగా, నష్టం పెరుగుతుందన్నది ఆయన సూత్రం. కింది హద్దు నుంచి పై హద్దు దాకా టూల్‌ను ఈడ్చే మన అలవాటుకు ఇది ఎదురే. అలాగని గంటగంటకూ విప్పి చూడటమూ తెలివి కాదు. బాగా నడుస్తున్న బేరింగ్‌లో గ్రీజు మరీ కుక్కితే అది వేడెక్కుతుంది. విప్పినప్పుడల్లా దుమ్ము చొరబడొచ్చు, బిగింపు తేడా రావొచ్చు.

కరీంనగర్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లుల్లో ఈ బేరం రోజూ నడుస్తుంది. పొట్టు తీసే రబ్బరు రోళ్ల మధ్య సందు బిగిస్తే నూక ఎక్కువ, వదిలితే వడ్లు పొట్టుతోనే వస్తాయి. సర్కారు వడ్లను మరపట్టి తిరిగిచ్చే సీఎంఆర్ పచ్చి బియ్యంలో నూకకు హద్దు ఏళ్ల తరబడి 25 శాతంగా ఉండేది. అలాంటి అంకే మిల్లరుకు టాలరెన్స్. రెండు రోళ్లూ ఒకే వేగంతో తిరగవు, జోరుగా తిరిగేది ముందు అరుగుతుంది. అందుకే మధ్యలో వాటిని అటూఇటూ మార్చి బిగిస్తారు. సందు సరిచేసేదీ, రోలు మార్చేదీ ఒకే ఆపరేటర్ కాబట్టి ఇక్కడ రెండు గదుల గొడవ లేదు.

కాజీపేట దగ్గరి మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాలో నాలుగు లేత్‌లు పెట్టుకున్న చిన్న యజమానికి ఇంత స్వేచ్ఛ ఉండదు. డ్రాయింగ్ కొనేవాడిది, దాన్ని తాకడానికి వీల్లేదు. ఆయన చేతిలో ఉన్నది మెయింటెనెన్స్ ఒక్కటే. రేపు కాజీపేట తయారీ యూనిట్ చుట్టూ ఇలాంటి షెడ్లకు పని దొరుకుతుందని అందరూ అంటున్నారు. అప్పుడైనా కొనేవాడిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడ హెచ్7 అవసరమై పెట్టారా, పాత డ్రాయింగ్ నుంచి ఎత్తి రాశారా?