కునుకా, కునికిపాటా, మగతా?

అమెరికా వచ్చిన అమ్మానాన్నలను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మధ్యలో తర్జుమా చేసేది ఎక్కువగా మనమే. కునుకు, కునికిపాటు, మగత, మూడింటినీ కలిపి ‘స్లీపీ’ అనేస్తాం. అలా అనకూడదు. ఆ ఒక్క మాటతో డాక్టరు వెతికే కారణమే మారిపోతుంది.

తేడా క్రియలోనే ఉంది. కునుకు ‘తీస్తారు’. మధ్యాహ్నం అన్నం తిన్నాక కావాలనే నడుం వాల్చి, పిలిస్తే లేచే పాటి నిద్ర అది. ‘కునుకు పట్టింది’ అంటే దానంతటదే వచ్చింది. కునికిపాట్లు ‘పడతారు’. కూర్చున్న మనిషి తల ముందుకు వాలుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ వాలుతుంది. మగత ‘కమ్ముతుంది’. అందులో ఉన్నవాళ్ళు పిలిస్తే పలుకుతారు గానీ మాట ముద్దగా వస్తుంది, చూపు నిలవదు.

నిద్ర సమస్యలు చూసే క్లినిక్కుల్లో చాలాచోట్ల ఎప్‌వర్త్ స్కేల్ అనే కాగితం ఇస్తారు. 1991లో వచ్చింది. 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 24. పది దాటితే పగటి నిద్ర ఎక్కువైనట్టు లెక్క. అందులో మధ్యాహ్నం పడుకున్నప్పుడు నిద్ర పడుతుందా అన్న ప్రశ్న ఉంది. రోజూ కునుకు తీసే మన పెద్దవాళ్ళకు దానికి 3 పడటం వింతేమీ కాదు. ఎదుటి మనిషితో మాట్లాడుతూ కునికిపాట్లు పడుతున్నారా అన్నది అసలు చూడాల్సింది. దానికి 2 పడినా తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం ఉంటే అదీ చెప్పాలి.

మగత అన్నారంటే ముందు మందుల సంచి తీయండి. ఇక్కడ షాపుల్లో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్రల్లో, పేరు చివర ‘పీఎం’ అని ఉండే నొప్పి మాత్రల్లో తరచూ డైఫెన్‌హైడ్రమిన్ అనే మత్తిచ్చే మందు ఉంటుంది. 65 దాటినవాళ్ళు దాన్ని వాడకపోవడం మంచిదని పెద్దవాళ్ళ వైద్యం చూసే అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ జాబితా చెబుతోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న జలుబు మాత్రల వెనక క్లోర్‌ఫెనిరమిన్ పేరుందేమో చూడండి, అదీ మత్తిస్తుంది. షుగరు మందు వాడేవాళ్ళయితే వెంటనే వేలు గుచ్చి చూడాలి, 70 కంటే తక్కువుంటే షుగరు పడిపోయినట్టే. మగతతో పాటు మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా 911కి చేయండి.

‘కంటి మీద కునుకు లేదు’ అన్న మాటతో ఇంకో చిక్కు. నిద్ర పట్టకపోయినా అంటారు, మనసులో దిగులున్నా అంటారు. మనం ‘నిద్ర లేదట’ అని చెప్పి ఊరుకుంటే నిద్రమాత్ర రాసిస్తారు, దిగులు అలాగే ఉంటుంది. ‘పడుకున్నా పట్టడం లేదా, ఆలోచనలతో పడుకోలేకపోతున్నావా అమ్మా?’ అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రుల్లో తెలుగు దుబాసీని ఉచితంగా అడిగే హక్కుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. అయితే ఆ దుబాసీకి కూడా పెద్దవాళ్ళు వాడిన తెలుగు మాటే అందాలి, మధ్యలో మన సారాంశం కాదు.