రాసిన చేతికే తాళం చెవులా?

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చోటు చాలనప్పుడల్లా ముందుగా కళ్లు పడేది ప్రభుత్వ ప్రచురణల విభాగం మీదే. అట్టలూడిన వార్షిక నివేదికలను, జనగణన సంపుటాలను, చట్టసభ సంఘాల విచారణ ప్రతులను ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదంటారు. అడిగినా అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయంటారు. వాటిని తీసేసి విద్యార్థులకు బల్లలు వేద్దామంటారు. బల్లలు కావాల్సిందే, కాదనం. కానీ ఆ ఆన్‌లైన్ ప్రతి ఎవరి అధీనంలో ఉందో ముందు తేలాలి. ప్రభుత్వం వెలువరించిన పత్రం ప్రభుత్వ సర్వర్‌లో తప్ప మరెక్కడా లేకపోతే, దాన్ని దిద్దే వీలు, మాయం చేసే వీలు రెండూ ప్రభుత్వానికే దక్కుతాయి.

ఇది లేనిపోని అనుమానం కాదు. తన పత్రాలను విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు పంచాలని అమెరికా కాంగ్రెస్ 1813లోనే తీర్మానించింది. తర్వాతి కాలంలో అదే సమాఖ్య డిపాజిటరీ గ్రంథాలయాల (ప్రభుత్వ ప్రచురణలను అందుకుని పౌరుల కోసం దాచే గ్రంథాలయాల) వ్యవస్థగా స్థిరపడింది. ప్రతులు గ్రంథాలయాల అరల్లో ఉన్నా సొత్తు మాత్రం సర్కారుదే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, నీటి సరఫరా వనరుల సమాచారమున్న ఒక సీడీని నాశనం చేయాలని ఆ గ్రంథాలయాలకు తాఖీదు అందింది. భద్రత అన్న కారణమైనా దానికి ఉంది. 2004లో న్యాయశాఖ కోరికపై ఆస్తుల జప్తుకు సంబంధించిన అయిదు ప్రచురణలను ధ్వంసం చేయమన్నారు. వాటిలో చట్టాల పాఠాలూ ఉన్నాయి! అమల్లో ఉన్న చట్టాన్ని పౌరుల కంటపడకుండా చేయాలనుకోవడం ఏ తర్కానికీ అందదు. గ్రంథాలయాధికారులు గట్టిగా ప్రశ్నించడంతో న్యాయశాఖ వెనక్కి తగ్గింది. అచ్చు ప్రతిని వెనక్కి రప్పించాలంటే ఊరూరా ఉత్తరాలు రాయాలి, రాస్తే సంగతి నలుగురికీ తెలుస్తుంది. వెబ్‌పేజీని తొలగించాలంటే ఎవరికీ ఒక్క ముక్క రాయనక్కర్లేదు.

ఎవరూ అడగడం లేదన్న వాదనా పైపైదే. ఈ పత్రాలను వెతకడం తక్కిన పుస్తకాలను వెతికినట్లు కాదు. అమెరికాలో వీటికి వాడే వర్గీకరణ పద్ధతికి అడిలైడ్ హాస్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పునాది వేశారు. విషయాన్ని బట్టి కాక, వెలువరించిన శాఖను బట్టి పత్రాలను అమర్చడం అందులోని సూత్రం. శాఖలేమో కుదురుగా ఉండవు. అక్కడి తీర రక్షక దళం 1967లో ఖజానా శాఖ నుంచి రవాణా శాఖకు, 2003లో అంతర్గత భద్రత శాఖకు మారింది. ఒకే దళం నివేదికలు మూడు చోట్ల చేరాయి. సమాఖ్య ప్రచురణాలయం కంప్యూటర్ కేటలాగింగ్‌కు మారింది 1976లో. అంతకు ముందరి పత్రాలు చాలా గ్రంథాలయాల ఆన్‌లైన్ కేటలాగుల్లో నేటికీ కనిపించవు. కేటలాగులోనే లేని పుస్తకాన్ని పాఠకుడు అడగలేదని నిందించడమేమిటి? ఏ నివేదిక ఏ పేరుతో మొదలై ఏ పేరుతో ఆగిపోయిందో, ఏ మైక్రోఫిష్ (పుటలను చిన్నవిగా చేసి అచ్చొత్తిన ఫిల్మ్ రేకు) ఏ సొరుగులో ఉందో ఆ విభాగం చూసే లైబ్రేరియన్‌కు తెలుసు. ఆయన పదవీ విరమణ చేసిన మర్నాడే ఆ పోస్టును మరో విభాగంలో కలిపేస్తే ఆ తెలివిడి కూడా ఆయనతోపాటే పోతుంది.

అలాగని ప్రతి కాగితాన్నీ ప్రతి గ్రంథాలయమూ మోయాలని మేము అనడం లేదు. ఇందుకు 1962 నాటి అమెరికా చట్టం మంచి దారే చూపింది. ఒక ప్రాంతానికి పెద్దదిక్కుగా ఉండే గ్రంథాలయం, అంటే ప్రాంతీయ డిపాజిటరీ, అన్నింటినీ శాశ్వతంగా ఉంచాలి. తమకు కావాల్సినవే ఎంచుకునే గ్రంథాలయాలు అయిదేళ్లు దాటిన ప్రతులను దాని అనుమతితో తొలగించవచ్చు. డిజిటల్ పత్రాలను కాపాడే పనికీ విశ్వవిద్యాలయాలే పూనుకోవచ్చు. మూతపడిన ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లను ఉత్తర టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1997 నుంచి ‘సైబర్ సెమెటరీ’ పేరుతో భద్రపరుస్తోంది. అధ్యక్షుడి పదవీకాలం ముగిసే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ల ప్రతులు తీసి దాచే ఉమ్మడి కృషి 2008లో మొదలైంది. అందులోనూ ఈ గ్రంథాలయానికి పాత్ర ఉంది. ఇలాంటి పనికి సర్వర్లతోపాటు ఏటా నిధులూ కావాలి. వర్సిటీ బడ్జెట్లలో ఆ పద్దు కనిపించడం అరుదు.

అరలు ఖాళీ చేయక తప్పదనుకునే పాలకవర్గాలు ముందుగా కొన్ని ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. తొలగించే ప్రతికి మరో అచ్చు ప్రతి ఎక్కడుంది? దాన్ని ఉంచుతామని ఆ గ్రంథాలయం ఒప్పుకుందా? స్కాన్ చేసిన ప్రతి ప్రభుత్వానికి బయట ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఆ స్కాన్‌ను పుట పుటా సరిచూశారా? హడావుడిగా స్కాన్ చేసిన నివేదికల్లో మడత పటాలను విప్పకుండానే ఫొటో తీసిన సందర్భాలు కోకొల్లలు. భూగర్భ సర్వే నివేదికలో పటమే లేకపోతే మిగిలేది ముందుమాట. ఇవన్నీ తేల్చడానికి ఆ విభాగం ఆనుపానులు తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. డాక్యుమెంట్స్ లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం తొలగింపు జాబితాపై ఎవరూ సంతకం చేయకూడదు.