సవరణ: కాలిఫోర్నియా డ్రైవింగ్ పరీక్షలో దుబాసీ

కాలిఫోర్నియాలో పర్మిట్ పరీక్ష, అంటే లైసెన్సుకు ముందు రాసే రాతపరీక్ష, హిందీలో రాసినవాళ్లు రోడ్డు పరీక్షకు కూడా దుబాసీని కారులో కూర్చోబెట్టుకోవచ్చని మొన్న రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

అక్కడ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే శాఖ డీఎంవీ. దాని హ్యాండ్‌బుక్ ప్రకారం వేరే భాష ఎంచుకునే వీలు రాతపరీక్షకే. కారు నడిపేటప్పుడు దుబాసీని రానివ్వరు, అధికారి ఇంగ్లీషులోనే చెబుతారు.

అమ్మానాన్నల చేత పరీక్ష రాయిస్తున్నవాళ్లు అధికారి చెప్పే ఆ నాలుగు ఇంగ్లీషు మాటలూ ముందే అలవాటు చేయించండి. మా అత్తయ్యగారి చేత రోజూ సాయంత్రం ఖాళీ పార్కింగ్ లాట్‌లో ‘టర్న్ లెఫ్ట్’, ‘పుల్ ఓవర్’ అంటూ కారు నడిపిస్తున్నాను. ‘పుల్ ఓవర్’ అనగానే ఉన్నచోటే బ్రేక్ వేసేవారు. పక్కకు తీసి ఆపాలని అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది.