గిన్నె లేదంటాదేటి?

మా ఇంటికి ఇండక్షన్ స్టవ్ వచ్చింది వంట కోసం కాదు, భయం వల్ల. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి జిల్లాని చితక్కొట్టి వెళ్ళాక, గ్యాస్ బండి రాకపోతే ఏం తింటామన్న బెంగ మా మామయ్యగారికి పట్టుకుంది. వెళ్ళి స్టవ్ కొనుక్కొచ్చారు. తుఫానులో గ్యాస్ కంటే ముందు పోయేది కరెంటు కదా అని ఎవరూ అడగలేదు. ఆయన లైన్‌మన్‌గా రిటైరైన మనిషి. కరెంటు గురించి ఆయనకి ఒకరు చెప్పడమా!

అప్పట్నుంచీ ఆ స్టవ్ ఫ్రిజ్ మీద, అత్తయ్య అల్లిన లేసు గుడ్డ కప్పుకుని, పెన్షన్ తీసుకుంటున్నట్టే ఉండేది.

శ్రీకాకుళంలో, అందులోనూ అరసవల్లి వెళ్ళే దారిలో ఇల్లుండి, రథసప్తమికి చుట్టాలు రాలేదంటే ఆ ఇంట్లో ఏదో గొడవ ఉన్నట్టే లెక్క. దర్శనానికి అర్ధరాత్రి నుంచే లైన్లు కడతారు కాబట్టి అందరూ ముందు రోజు సాయంత్రానికే దిగుతారు. చీపురుపల్లి నుంచి పెద్దత్తయ్య, అంటే మా అత్తయ్య అప్ప, ఆవిడ కొడుకు, అంటే నాకు బావగారు, పిల్లాజెల్లాతో సరిగ్గా టీ వేళకి దిగారు. ఎసరు పెట్టాను. మంట ఒకసారి ఎగిరి ఆరిపోయింది. సిలిండర్ని ఊపి చూశాం, వంచి చూశాం. బుక్ చేస్తే పండగ వెళ్ళాక వస్తుందన్నారు. పక్కవాళ్ళ స్పేర్ సిలిండరు అప్పటికే వాళ్ళ ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయింది.

"ఫ్రిజ్ మీదున్నది దించండి" అన్నారు మామయ్యగారు. ఇన్నేళ్ళుగా ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నట్టు అన్నారు.

పండగపూట ముందు పాలు పొంగాలని అత్తయ్య తన ఇత్తడి గుండిగ తెచ్చింది. బూడితి ఇత్తడి, ఆవిడ అత్తగారి నాటిది. చింతపండేసి తోమితే అందులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. పాలు పోసి, దండం పెట్టి, బటన్ నొక్కింది. స్టవ్ కుయ్ మని అరిచి, ఎర్ర అక్షరాల్లో ఈ-0 అని చూపించింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ కుయ్.

ఇక వైద్యులు బయల్దేరారు.

దిష్టి అని తేల్చింది పెద్దత్తయ్య. ఇన్నాళ్ళూ గుడ్డ కప్పి ఉన్నదాన్ని ఇంతమంది ముందు తీస్తే తగలదా అని ఆవిడ వాదన. బావగారు పక్క నుంచి రెండు దెబ్బలు వేశారు. మా ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే, ప్లగ్ తీసి మళ్ళీ పెట్టడం. మామయ్యగారు మాత్రం "ఎర్తింగ్ లేదు" అన్నారు. ఆయన దృష్టిలో ఫ్యాను నెమ్మదిగా తిరిగినా, ఫ్రిజ్‌లో పెరుగు పులిసినా కారణం ఎర్తింగే. జేబులోంచి టెస్టర్ తీసి స్టవ్ గాజు మీద పెట్టారు. వెలగలేదు. "చూసినారా, పైకి కరెంటు రాట్లేదు" అన్నారు.

"గాజుకి కరెంటెలా వస్తాది తాతా?" అన్నాడు ఇంటర్ చదివే మా వాడు. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు.

స్టవ్‌తో వచ్చిన పుస్తకం ఆవకాయ జాడీ కింద దొరికింది. నూనెకి సగం పేజీలు అద్దాల్లా అయిపోయాయి. ఏ కంపెనీ కోడ్లు ఆ కంపెనీవే కాబట్టి మాకు ఆ పుస్తకమే గతి. మా వాడు వెలుతురుకి పెట్టి చదివాడు. "ఈ-0 అంటే గిన్నె లేదు అని."

అత్తయ్య ముఖం ఎర్రబడింది. "గిన్నె లేదంటాదేటి? ఇంత గుండిగ ఎదురుగుంటే కనబడ్డం లేదా దానికి? మా అత్తగారి గుండిగ!"

అప్పుడిక వాడి మాట వినక తప్పలేదు. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి ఇరవై వేల సార్లకి పైగా అటూ ఇటూ మారుతుంది. ఆ అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటు పుట్టిస్తుంది, ఆ సుడులకే గిన్నె కాగుతుంది. "అంటే స్టవ్ వేడెక్కదు తాతా, గిన్నే పొయ్యి అయిపోతాది. అయస్కాంతం అతుక్కునే అడుగుండాలి. ఇత్తడీ, రాగీ, అల్యూమినియం దానికి గిన్నెల కిందే లెక్క కాదు."

ఫ్రిజ్ తలుపు మీద రెండు అయస్కాంతాలున్నాయి, ఒకటి తిరుపతి వెంకన్న, రెండోది బొర్రా గుహలు. వాడు వెంకన్న మీద చెయ్యి వేసేసరికి "దేవుణ్ణి గిన్నెల అడుక్కి పెడతావేట్రా!" అని అత్తయ్య కేకేసింది. బొర్రా గుహలు పట్టుకుని బయల్దేరాం.

అల్యూమినియం కుక్కర్‌కి అంటుకోలేదు, రాగి చెంబుకి అంటుకోలేదు. కంచు మరచెంబుకి పెట్టొద్దన్నా పెద్దత్తయ్య పెట్టి చూసింది. ఆ తర్వాత నా పెళ్ళికి బొబ్బిలి నుంచి సారెలో వచ్చిన స్టీలు డేగిసాకి పెడితే బొర్రా గుహలు జారి నా కాలి మీద పడ్డాయి. వరసగా సారె సామానంతా అదే తీరు. వంటిల్లు నిశ్శబ్దమైపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"స్టీలు కాదేటమ్మా ఇది?" అంది పెద్దత్తయ్య, చాలా మెత్తగా.

బావగారికి చీపురుపల్లిలో స్టీలు సామాను కొట్టుంది. ఆయనే ఆదుకున్నారు. "అలాగనకమ్మా. స్టీలులో నికెల్ బాగా కలిస్తే అయస్కాంతం అంటదు. నికెల్ ఉన్న రకమే ఖరీదు." నేను కొంగు సర్దుకున్నాను. మా నాన్న కాటా దగ్గర నిలబడి తూయించిన సామాను మరి! ఆయన అక్కడితో ఆగితే బావుండేది. వ్యాపారస్తుడు కదా, నిజం కూడా చెప్పేశారు. "కాకపోతే నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ దట్టించిన చవక రకానికీ అంటదు. చేత్తో పట్టుకుని ఇది ఏదో చెప్పలేం."

మాంగనీసు అంటే గరివిడి, చీపురుపల్లి వైపు తవ్వేదే. "అయితే లోపమేదైనా ఉంటే మీ ఊరి సరుకుదే అయ్యుంటుంది పెద్దత్తయ్యా" అన్నాను. మామయ్యగారు దగ్గు వచ్చినట్టు పెరట్లోకి వెళ్ళిపోయారు.

చివరికి అయస్కాంతం టక్కున అతుక్కున్న గిన్నె అటక మీద దొరికింది. దాని మీద చెక్కిన పేర్లు చదివి అత్తయ్య ముఖం తిప్పుకుంది. గృహప్రవేశానికి వచ్చి, పప్పులో ఉప్పు లేదని నలుగురిలో అని వెళ్ళిన ఆవిడ గారి గిన్నె అది. అప్పట్నుంచీ రాకపోకల్లేవు. "అతుక్కుందంటే నికెల్ లేనట్టే. ఇది చవక రకం పిన్నీ" అన్నారు బావగారు. ఆ ముక్కతో అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. "నానప్పుడే అనుకున్నాను" అంటూ ఆ గిన్నెని తనే కడిగి తెచ్చింది.

పాలు కాగడం మొదలైంది. ప్లాస్టిక్ వాసన కూడా మొదలైంది. హాల్లోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మెత్తబడుతోంది. "ఆపండ్రా!" అని మామయ్యగారు వచ్చి స్విచ్చి కట్టేశారు. "రెండు వేల వాట్లు. మన ఓల్టేజీకి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతాది. ఇది ఆరు ఆంపియర్ల బోర్డు. పదహారుది కావాల." ఆ సాయంత్రం ఎర్తింగ్ అనకుండా ఆయన చెప్పిన మొదటి మాట అది, సరైన మాట కూడా అదే. పదహారు ఆంపియర్ల సాకెట్లలో ఖాళీగా ఉన్నది వెనక వరండాలో వాషింగ్ మెషిన్‌ది. కాబట్టి పండగ పాలు వాషింగ్ మెషిన్ మీదకి చేరాయి. మెషిన్ రంగు పాడవకూడదని అత్తయ్య కింద టర్కీ తువ్వాలు నాలుగు మడతలు వేసింది.

కాసేపటికి కొత్త కోడ్ వచ్చి ఆగిపోయింది. పుస్తకంలో ఆ పేజీని ఆవకాయ తినేసింది. మామయ్యగారు తనకి తెలిసిన రిపేరు కుర్రాడికి ఫోన్ చేసి తుఫాను నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పారు. అతను అంతా విని ఒక్కటే అడిగాడు. "బాబుగారూ, కింద గాలి ఆడతాందా?"

తువ్వాలు లాగి స్టవ్ తిరగేశాం. అడుగున ఫ్యాను జాలీ నిండా దుమ్ము, లేసు దారాలు. అందులోంచి ఒక బొద్దింక బయటికొచ్చి, మమ్మల్నందర్నీ చూసి, తీరిగ్గా వెళ్ళిపోయింది. గాలి అందక లోపలి సామాను వేడెక్కితే అదే ఆగిపోతుందట, ఆగడమే మంచిదట. వంటయ్యాక వెంటనే ప్లగ్ పీకకూడదు, ఫ్యాను తిరిగి తిరిగి చల్లబడనివ్వాలి. బొద్దింకలకి ఆ వెచ్చదనమంటే ఇష్టం, లోపలి బోర్డులు వాటివల్ల కూడా పోతాయి. ఇదంతా ఫోన్లో చెప్పి, డబ్బులడక్కుండా పండగ శుభాకాంక్షలు చెప్పాడు పాపం. చల్లారాక ప్లగ్ తీసి, పాత టూత్‌బ్రష్‌తో జాలీ దులిపి, కింద గాలి ఆడేలా తువ్వాలు లేకుండా పెట్టాం.

ఈసారి పాలు కాగాయి, పొంగాయి, బటన్ల మీదకి పారాయి. తడి బటన్లు ఎవరి మాటా వినలేదు. అత్తయ్య గిన్నెని రెండు చేతులా పైకెత్తేసింది. స్టవ్ కుయ్ మని ఈ-0 చూపించింది. "ఇప్పుడు నిజం చెప్పినాది" అంది అత్తయ్య. మాడిన పాలకి స్టీలు పీచు తేబోతే బావగారు ఆపారు, గాజు గీతలు పడుతుందని. చల్లారనిచ్చి నిమ్మచెక్కతో రుద్దితే పోయింది.

తెల్లారి పరమాన్నం ఎలాగూ పెరట్లో పిడకల మీదే కదా. గుండిగ అక్కడ దర్జాగా కూర్చుంది. చిక్కుడాకుల్లో అందరం తిన్నాం.

బయల్దేరేటప్పుడు పెద్దత్తయ్య చేతిసంచిలో ఏదో గట్టిగా కనిపిస్తే మా వాడు అడిగాడు. బొర్రా గుహలు.

"పంపించేస్తాన్రా. మా చిన్నకోడలి సారె సామాను ఓపాలి చూడాల."